క్రివోరివ్న్యా: చెరెమోష్ ఒడ్డున ఒక పల్లె

పర్యాటకుల కోసం వెలువడే చిన్న పుస్తకాలలో పల్లెటూళ్ళకు లభించే స్థానం స్వల్పం. రాజధానీ నగరాలు, కోటలు, ప్రాసాదాలు, సముద్రతీరాలు పుటలన్నింటినీ ఆక్రమించుకోగా పల్లెకు మిగిలేవి రెండు వాక్యాలు: ప్రకృతి రమణీయమైన ప్రదేశమని ఒకటి, సమీపంలో ఒక పురాతన ప్రార్థనా మందిరం ఉందని మరొకటి. ఈ రెండు వాక్యాలతో సరిపెట్టడం ఎంత అన్యాయమో తెలుసుకోవడానికి ఉక్రెయిన్ దేశపు నైరుతి మూలనున్న క్రివోరివ్న్యా గ్రామాన్ని పరిశీలిస్తే చాలు. అక్కడ ప్రకృతి వేరు, చరిత్ర వేరు అని గీత గీయడం సాధ్యం కాదు. ఆ గీత గీయబోయిన సందర్శకుడు రెండింటినీ పోగొట్టుకుంటాడు.

కార్పాతియన్ పర్వతశ్రేణిలో, ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ నగరానికి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నల్ల చెరెమోష్ నది ఒడ్డున ఈ గ్రామం ఉంది. ‘క్రివా’ అంటే వంకర, ‘రివ్న్యా’ అంటే సమతలం. వంకర తిరిగిన మైదానమని ఊరి పేరుకు అర్థం. నది మెలికలు తిరిగిన చోట కొండల నడుమ ఏర్పడిన కొద్దిపాటి చదును నేలను చూసినవారికి, ఈ పేరు పెట్టినవారు కవులు కాకపోయినా కన్నున్నవారని స్ఫురిస్తుంది. ఇక్కడి జనులను హుత్సుల్‌లని పిలుస్తారు. ఉక్రెయిన్ ప్రజలలో భాగమైనా తమదైన మాండలికం, వేషధారణ, సంగీతం, కొయ్యపని గల కొండజాతివారు. ఇళ్ళు ఒక వీథిగా బారులు తీరి ఉండవు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క వాలు మీద, తన పచ్చిక తన చుట్టూ పరచుకొని, దూరదూరంగా కనిపిస్తుంది.

నల్ల చెరెమోష్ దిగువన ఉస్తెరికి అనే పల్లె వద్ద తెల్ల చెరెమోష్‌తో కలిసి, ప్రూత్ నదిలో చేరి, చివరకు డాన్యూబ్ ద్వారా నల్ల సముద్రాన్ని చేరుతుంది. సందర్శకులకు నేడు ఈ నది రబ్బరు పడవల్లో సాహసం చేయడానికి అనువైన ప్రవాహం మాత్రమే. గ్రామస్థులకు అది ఒకప్పుడు బ్రతుకుతెరువు. ఎగువ అడవులలో నరికిన స్ప్రూస్ దుంగలను తెప్పలుగా కట్టి, కొయ్య ఆనకట్టల వెనుక నీటిని నిలిపి, ఆ నీటిని ఒక్కసారిగా వదిలి, ఆ వరద మీద తెప్పలను దిగువనున్న కోత మిల్లులకు నడిపించేవారు. తెప్ప ముందు భాగాన నిలబడి తెడ్డుతో దారి మళ్ళించే మనిషికి రాళ్ళ నడుమ క్షణం పొరపాటు జరిగితే ప్రాణం దక్కేది కాదు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ వృత్తి అంతరించింది. తెప్పలు పోయినా నరకడం మాత్రం ఆగలేదు. 2008 జూలైలోనూ, 2020 జూన్‌లోనూ పశ్చిమ ఉక్రెయిన్‌ను ముంచెత్తిన వరదల తరువాత, వాలులపై అడవి పలచబడటం కూడా ఒక కారణమని ఆ దేశంలో చర్చ సాగింది. నది అందాన్ని పొగిడే కరపత్రాలు ఈ ప్రసక్తిని తేవు. తెస్తే నది అందం తగ్గదు, సందర్శకుని అవగాహన పెరుగుతుంది.

ఈ మారుమూల పల్లెకు ‘ఉక్రెయిన్ ఏథెన్స్’ అన్న పేరు రావడం విచిత్రంగా తోచవచ్చు. అందుకు ఆనాటి రాజకీయ స్థితి కారణం. 19వ శతాబ్దంలో ఉక్రెయిన్ భూభాగం రెండు సామ్రాజ్యాల మధ్య చీలి ఉండేది. రష్యా సామ్రాజ్యంలో 1876 నాటి రాజశాసనం ఉక్రెయిన్ భాషలో పుస్తకాల ముద్రణను దాదాపుగా నిషేధించింది. 1905 ప్రాంతం వరకు ఆ నిర్బంధం కొనసాగింది. క్రివోరివ్న్యా ఉన్న గలీసియా ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండటం వల్ల అక్కడ ఆ భాషకు కొంత ఊపిరి సలిపింది. తమ భాషలో వ్రాయదలచినవారికి, తమ జాతి పాటలను, కథలను సేకరింపదలచినవారికి ఈ లోయ ఆశ్రయమైంది.

కవి, నవలాకారుడు, పండితుడు అయిన ఇవాన్ ఫ్రాంకో 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుండి 1914 వరకు పలు వేసవులు ఇక్కడ గడిపాడు. నదిలో దిగి ట్రౌట్ చేపలను వట్టి చేతులతో పట్టడంలో ఆయన నేర్పరి అని సమకాలికులు వ్రాసిపెట్టారు. ఆయన బస చేసిన రైతు ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య అభ్యసించిన తెలుగు విద్యార్థులకు ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ పేరు కొత్తది కాదు. 2022లో యుద్ధం కారణంగా స్వదేశానికి తరలిరావలసి వచ్చేవరకు ఆ నగర వైద్య విశ్వవిద్యాలయంలో భారతీయులు చదువుకున్నారు. ఆ నగరానికి 1962లో పెట్టిన పేరు ఈ ఫ్రాంకోదే. చేపలు పట్టిన ఆ చేతుల మనిషే నగరమై నిలిచాడు.

చరిత్రకారుడు మిఖైలో హ్రుషెవ్‌స్కీకి ఈ గ్రామంలో వేసవి విడిది ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. తరువాత 1917లో ఉక్రెయిన్ కేంద్ర మండలికి అధ్యక్షుడైనది ఆయనే. కవయిత్రి లెస్యా ఉక్రాయింకా 1901లో చెరెమోష్ లోయకు వచ్చింది. ఇరవై ఏళ్ళ లోపు వయసులోనే ఆమె తన చెల్లెళ్ళ చదువు కోసం ప్రాచ్యదేశాల ప్రాచీన చరిత్రను వ్రాస్తూ, అందులో ఋగ్వేద సూక్తాలు కొన్నింటిని ఉక్రెయిన్ భాషలోకి అనువదించి చేర్చింది. ఆమె మరణానంతరం 1918లో గాని ఆ గ్రంథం అచ్చు కాలేదు. సంస్కృత సాహిత్యంతో పరిచయమున్న పాఠకులు ఒక్క క్షణం ఆగి గమనింపదగిన సంగతి ఇది.

అందరిలోనూ ఈ లోయను సాహిత్యంలో శాశ్వతం చేసినవాడు మిఖైలో కొత్సుబిన్‌స్కీ. రష్యా సామ్రాజ్యంలోని చెర్నిహివ్ నుండి 1910లో తొలిసారి వచ్చాడు. మళ్ళీ 1911లోనూ, 1912లోనూ వచ్చాడు. గొల్లలతో కలిసి ఎత్తైన పచ్చికబయళ్ళకు ఎక్కాడు. వారి నమ్మకాలను, ఆటపాటలను, అంత్యక్రియలను శ్రద్ధగా గమనించాడు. అలా పుట్టినదే 1911 నాటి ‘మరచిపోయిన పూర్వికుల నీడలు’ అనే చిన్న నవల. పగలు సాగిన రెండు కుటుంబాలలో పుట్టిన ఇవాన్, మారిచ్కాల ప్రేమ అందులోని కథ. మారిచ్కా చెరెమోష్‌లోనే కొట్టుకుపోతుంది. ఆ నవల చదివినవానికి నది ఒడ్డున నిలబడినప్పుడు కనిపించేది నీరు మాత్రమే కాదు.

1964లో సెర్గీ పరాజానోవ్ ఈ నవలను చలనచిత్రంగా తీశాడు. త్బిలిసీలో పుట్టిన అర్మేనియన్ అయిన ఆయన క్రివోరివ్న్యాలోనూ, చుట్టుపట్ల ఊళ్ళలోనూ, గ్రామస్థులను కూడా తెరపైకి తెచ్చి, హుత్సుల్ మాండలికాన్నే పలికించాడు. 1965 సెప్టెంబరు 4న కీవ్‌లో జరిగిన ప్రదర్శనలో కొందరు యువ రచయితలు లేచి, ఆ రోజుల్లో జరుగుతున్న మేధావుల అరెస్టులను బాహాటంగా నిరసించారు. పరాజానోవ్ స్వయంగా 1973 చివర అరెస్టయి 1977 వరకు నిర్బంధ శిబిరంలో గడిపాడు. చిత్రంలో కనిపించిన ‘గ్రాజ్దా’ ఇప్పటికీ ఊరిలో ఉంది. గ్రాజ్దా అంటే ఇల్లు, కొట్టాలు, ఎత్తైన కొయ్య గోడలు కలసి వాకిలిని నాలుగు వైపులా మూసివేసిన కట్టడం. మంచును, గాలిని, తోడేలును, దొంగను ఒక్కసారిగా అడ్డుకొనే చిన్న కోట అది. దుంగలను ఒకదానిలో ఒకటి అమర్చిన మూలలను చూస్తే, ఆ వడ్రంగులకు ఏ కళాశాల పట్టమూ అవసరం లేకపోయిందని తెలుస్తుంది.

అయితే ఈ పల్లెను గురించిన చర్చలో తరచు ఒక లోపం కనిపిస్తుంది. వచ్చినవారి పేర్లు వరుసగా చెప్పి, ఉన్నవారిని వెనుక నిలబెడతారు. మహనీయులు విడిది చేసినందువల్లనే ఊరికి విలువ కలిగినట్లు ధ్వనిస్తుంది. నిజానికి వారు ఇక్కడికి ఇవ్వడానికి రాలేదు, నేర్చుకోవడానికి వచ్చారు. ఈ లోపానికి తగిన సమాధానం పరాస్కా ప్లిత్కా-హోరిత్స్‌విత్ జీవితంలో ఉంది. 1927లో జన్మించిన ఈ హుత్సుల్ స్త్రీ 1945లో, స్వాతంత్ర్యం కోసం సోవియట్ ప్రభుత్వాన్ని ప్రతిఘటించిన దళాలతో సంబంధం ఉందన్న అభియోగంపై అరెస్టయి, దాదాపు పది సంవత్సరాలు శిబిరాలలో గడిపి, మంచుకు కాళ్ళు దెబ్బతిని తిరిగివచ్చింది. ఆ తరువాత ఒంటరిగా, తన చిన్న ఇంట్లో బొమ్మలు వేసింది, జానపద గాథలను సేకరించింది, పుస్తకాలను చేతితో వ్రాసి తానే కుట్టి అట్టలు వేసింది. ఊరివారిని వేలాది ఛాయాచిత్రాలలో బంధించింది. భారతదేశాన్ని చూడకుండానే, భారతదేశపు అరుణకాంతులు అని అర్థం వచ్చే పేరుతో ఒక సాహస నవల కూడా వ్రాసింది. 1998లో ఆమె మరణించిన చాలా ఏళ్ళకు ఆ ఇంట్లో దుమ్ము పట్టిన నెగెటివ్‌లు బయటపడ్డాయి. 2019లో కీవ్‌లోని ఒక ప్రముఖ కళాకేంద్రంలో వాటిని ప్రదర్శించారు.

ఆ చిత్రాలలో పెళ్ళికూతుళ్ళు, శవపేటిక చుట్టూ నిలిచిన బంధువులు, పండుగ బట్టలు తొడుక్కొన్న పిల్లలు కనిపిస్తారు. బయటి నుండి వచ్చినవాని కెమెరాకు వింతగా తోచేది ఆమె కెమెరాకు వింత కాదు. వారి పేర్లు ఆమెకు తెలుసు. కొత్సుబిన్‌స్కీ నవల, పరాజానోవ్ చిత్రం ఎంత గొప్పవైనా, ఆ రెండింటితో పాటు ఈమె ఛాయాచిత్రాలను కూడా చూడనివాడు క్రివోరివ్న్యాను సగమే చూసినట్లు. ఊరికి వచ్చేవారిలో అధికులు సినిమా ఇంటికి పరుగెత్తి, ఈమె ఇంటి ముందు ఆగకుండా పోతే అది విచారకరం.

క్రిస్మస్ వేళ జరిగే ‘కొల్యాదా’ విషయమూ ఇటువంటిదే. మగవారు బృందాలుగా చర్చి వద్ద కూడి, చేతులలో చిన్న గొడ్డళ్ళు, గంటలు ధరించి, ఫిడేలు, కొమ్ము వాయిద్యాలతో ఇంటింటికీ వెళ్ళి పాడుతారు. ఇంటి యజమానికి ఒక పాట, ఇల్లాలికి ఒక పాట, పిల్లలకు వేరొకటి, ఆ ఇంట చనిపోయినవారికి కూడా ఒకటి. వచ్చిన కానుకలు చర్చికి చేరుతాయి. సోవియట్ కాలంలో అధికారులు దీనిని అణచివేయజూసినా గుట్టుగా సాగింది. ఇప్పుడు కెమెరాలు పట్టుకొని సందర్శకులు గుంపులుగా చేరుతున్నారు. చనిపోయినవారి కోసం పాడుతున్న చోట, దీపకాంతి బాగా పడేటట్లు కాస్త ప్రక్కకు జరగమని అడిగే హక్కు ఏ సందర్శకునికి ఉంటుంది?

ఇందుకు ఒక అభ్యంతరం రావచ్చు. పర్యాటకులు రాకపోతే పల్లెలో యువకులకు పని ఏది? మొక్కజొన్న పిండిని మీగడలో వండిన బానోష్‌ను, గొర్రెపాల జున్నును కొనేదెవరు? కొయ్య పెంకులు కొన్ని దశాబ్దాలకొకసారి మార్చవలసిందే, అందుకయ్యే ఖర్చు భరించలేకనే కదా కార్పాతియన్ ప్రాంతంలో అనేక కొయ్య చర్చిల మీద మెరిసే లోహపు రేకులు తాపడం చేశారు? ఈ వాదంలో సత్యముంది. అద్దాల పెట్టెలో వస్తువువలె ఉండమని గ్రామస్థులను శాసించడం కూడా ఒక రకమైన దౌర్జన్యమే. వెచ్చని ఇల్లు, మంచి రోడ్డు కోరుకోవడం వారి హక్కు. కానీ రేకు కప్పిన గోడ లోపల కొయ్య ఊపిరాడక కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. డబ్బు లేకపోవడం ఒక కారణమైతే, రేకే నాగరికతకు గుర్తు అన్న భ్రమ మరొక కారణం. 2013లో కార్పాతియన్ కొయ్య చర్చిలు పదహారింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. క్రివోరివ్న్యా చర్చి ఆ జాబితాలో లేదు. లేనంత మాత్రాన శిలువ ఆకారపు కట్టడం మీద గుమ్మటం నిలిపిన ఆ పనివాళ్ళ నేర్పు తక్కువది కాదు. జాబితా చూసి గౌరవించే అలవాటు ఉన్నవారికే ఇటువంటి చోట చూపు ఆనదు.

2022 ఫిబ్రవరి 24 తరువాత ఈ ప్రశ్నలన్నీ మరొక రూపం ధరించాయి. బాంబులు పడుతున్న నగరాల నుండి స్త్రీలు, పిల్లలు, వృద్ధులు పశ్చిమాన ఉన్న ఈ కొండ జిల్లాలకు తరలివచ్చారు. అంతకు ముందు విహారానికి వచ్చిన దారినే ఆశ్రయం కోసం వచ్చినవారు వారిలో లేకపోలేదు. కొండల నుండి మగవారు వ్యతిరేక దిశలో, యుద్ధరంగానికి వెళ్ళారు.

హుత్సుల్‌లకు త్రెంబీతా అనే పొడవైన కొయ్య కొమ్ము ఉంది. పిడుగు పడిన స్ప్రూస్ చెట్టుతో చేయాలని ఆచారం. సుమారు మూడు మీటర్ల పొడవున భూర్జపత్రం చుట్టి ఉంటుంది. పచ్చికబయలు నుండి గొల్లవాడు దానితో కబురు పంపేవాడు, ఊరిలో మరణం సంభవిస్తే దానితోనే తెలిపేవారు. సందర్శకుల ముచ్చట కోసం ఊదే త్రెంబీతాతో ఫోటో దిగడం ఈ కొండలలో ఏనాటి నుండో పరిపాటి. ఈ యుద్ధ సంవత్సరాలలో సైనికుల శవపేటికలు స్వగ్రామాలకు చేరినప్పుడు, దారి ప్రక్కన ప్రజలు మోకరిల్లి ఉండగా, ఊదినవీ అవే కొమ్ములు.