పోలింగు గదిలో తోడు ఎవరికి?

పోలింగు గదిలోనికి ఎవరు రావచ్చునో 1961వ సంవత్సరపు ఎన్నికల నిర్వహణ నియమములలో స్పష్టముగా నున్నది. ఓటర్లు, సిబ్బంది, ఎన్నికల పనిమీదనున్న ప్రభుత్వోద్యోగులు, ఎన్నికల కమిషను అనుమతి గలవారు, అభ్యర్థి, అతని ఎన్నికల ఏజెంటు, అభ్యర్థికొక పోలింగు ఏజెంటు, చంకబిడ్డ, చూపులేని లేక నడవలేని ఓటరుకు తోడు వచ్చినవారు. మంత్రియైనను మంత్రి హోదాలో రారాదు. పోలీసులు సైతము సామాన్యముగా బయటనే ఉండవలెను.

నేను తమిళనాడు ప్రభుత్వములో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడను. అనేక ఎన్నికలలో పోలింగు ఆఫీసరుగా కూర్చున్నాను. నేను చూచినంతలో చిక్కు మంత్రులతోను పోలీసులతోను కాదు, ఈ తోడు వచ్చువారితోనే. హోసూరు ప్రాంతపు పల్లెలలో తరతరాలుగా తెలుగు కుటుంబములున్నవి. మా అవ్వలలో చాలమందికి చదువు లేదు. వేరు తాలూకానుండి వచ్చిన ఆఫీసరుకు తెలుగు రాదు. అవ్వ మిషను వద్ద తటపటాయించగానే గోడవార నున్న ఏజెంటు లేచి "దా అవ్వా, నేను చూపిస్తాను" అని బయలుదేరును. ఒకచోట ఒక ఏజెంటు మధ్యాహ్నము లోపల ముగ్గురికి మనవడైనాడు! నాలుగవ ఆమె "నా మనవడు బెంగుళూర్లో ఉండాడు కదప్పా, ఈయప్ప ఎవరు?" అనగా గదిలో అందరును నవ్విరి. నేను ప్రిసైడింగు ఆఫీసరుతో ఆక్షేపణ చెప్పితిని. "క్యూ పెద్దదిగా నున్నది, పోనిండి" అనెను. ఆ ముగ్గురి ఓట్లు ఎవరు వేసినట్లు?

49-ఎన్ నియమము ప్రకారము, చూపులేకనో అంగవైకల్యము చేతనో గుర్తు పోల్చుకొనలేని, మీట నొక్కలేని ఓటరుకే తోడు. చదువు రాకపోవుట కారణము కాదు. చదువురానివారి కొరకే గదా 1951-52 ఎన్నికలనాటినుండి గుర్తులు పెట్టినది! తోడును ఓటరే ఎంచుకొనవలెను. ఆ మనిషికి 18 సంవత్సరములు నిండవలెను, ఒక దినమున ఒక్కరికే తోడు పోవలెను, ఓటు రహస్యము కాపాడెదనని వ్రాసి ఇయ్యవలెను. ఆ వివరములు ఫారం 14-ఏలో ఎక్కించవలెను. అది రెండు నిమిషముల పని.

మిషను తెలియనివారికి అట్ట నమూనా మీద, ఏజెంట్లందరి యెదుట, మరుగుకు ఇవతలనే చూపించిన సరిపోవును. ఆఫీసరుకు తెలుగు రాకున్న, తనకు సాయముగా తగిన మనుష్యులను పెట్టుకొనుటకు 49-హెచ్ నియమము అధికారమిచ్చుచున్నది. గ్రామోద్యోగులలో పార్టీ సంబంధము లేని, తెలుగు తెలిసినవారిని ఇట్లు నియమించుకొనుడని జిల్లా ఎన్నికల అధికారులు శిక్షణ తరగతులలోనే చెప్పవలెనని కోరుచున్నాను. ఏజెంటు తన కుర్చీ విడిచి మరుగువైపు పోరాదనియు అప్పుడే చెప్పవలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు