జాయింటుకు మార్కులేవీ?

పరీక్షల్లో బీముకు లెక్క కడతాం, కాలమ్‌కు కడతాం. రెండూ కలిసేచోట ఒక చుక్కపెట్టి ఊరుకుంటాం! ఉక్కు కాలమ్‌కు కాంక్రీటు బీము కలిపేటప్పుడు కథంతా ఆ చుక్కలోనే ఉంది. నున్నటి ఉక్కును కాంక్రీటు అంటుకున్నంత మాత్రాన బరువు దిగదు. లేపాక్షి శిల్పులు 16వ శతాబ్దంలోనే రాతి స్తంభాల తలలకు చేతులు చాపించి దూలాలు ఆనించారు. ఉక్కుకూ అలాంటి బ్రాకెట్టు కావాలి. అయితే అది బరువు మోస్తుందే గాని, బీము కొస తిరగకుండా ఆపదు. ఆపాలంటే పైకమ్మీలు కాలమ్ దాటి పోవాలి, లేదా దానికే గట్టిగా బిగించాలి. కాగితంమీద రెండు కొసలూ బిగింపని రాసి, సైటులో ఉత్త ఆనింపుగా వదిలితే, సమంగా పరచిన బరువుకు బీము నడుమ బెండింగ్ మూమెంటు మూడింతలు! అనంతపురానికి భూకంపాలెక్కడివి అంటారు మిత్రులు. దీనికి భూకంపమెందుకు, స్లాబు బరువు చాలదూ? అధ్యాపకులను నేనడిగేదొకటే: జాయింటు బొమ్మకు సగం మార్కులు పెట్టండి.