పందిట్లో పాటకి టిక్కెట్టా?

"ఊరికే వచ్చేదానికి విలువుండదండీ!" అన్నారు మా వీధి ఉత్సవ సంఘం కార్యదర్శిగారు.

శ్రీరామనవమి ఇంకా నెలరోజులుందనగా చందా పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చి, మావారిచ్చిన కాఫీ - అంటే నేను కలిపితే మావారు అందించిన కాఫీ - తాగుతూ అన్న మాట ఇది. ఈ ఏడు వీధిలో పందిరి కచేరీలు మానేస్తారట. వాటి బదులు ఏసీ హాలు తీసుకుని, రెండు రోజులపాటు పేరున్న విద్వాంసుల చేత పాడించి, టిక్కెట్టు పెడతారట. మావారు తల ఊపారు. కాఫీ తాగుతూ మగవాళ్ళు దేనికైనా తల ఊపుతారు. నేను ఊపలేదు. ఎందుకు ఊపలేదో చెప్పటానికే ఈ నాలుగు ముక్కలూ.

మాది బెజవాడ. మా ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? ఉగాది వెళ్ళిందంటే చాలు, పొద్దుగూకినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. ఆ వేళకి వీధి చివర పందిరి చుట్టూ నీళ్ళు చల్లి జంబుఖానాలు పరుస్తారు. మైకువాడు "హలో... హలో" అనగానే వంటింట్లో ఉన్న నాకు ప్రాణం లేచొస్తుంది. కుక్కరు దింపి, మొహం కడుక్కుని, ఇన్ని మల్లెపూలు తురుముకుని, విసనకర్ర పట్టుకుని వెళ్ళి కూర్చుంటాను. ఒకరోజు హరికథ, ఒకరోజు గాత్రం, ఒకరోజు వయొలిన్, ఒకరోజు బుర్రకథ. ఎవరమ్మా నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగే నాథుడు లేడు. ఏడాది మొత్తంమీద నేను వినే సంగీతం అదే!

"ఫోన్లో ఎన్ని పాటలైనా ఉన్నాయిగా?" అంటుంది మా అమ్మాయి. ఉన్నాయి, కాదనను. కాని అది అంట్లు తోముతూ వినే పాట. పల్లవి అయ్యేలోపు ఇంట్లో ముగ్గురు పిలుస్తారు. పందిట్లో కూర్చున్న ఇల్లాలిని పిలవాలంటే చెప్పులేసుకుని వీధి చివరిదాకా రావాలి. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, దేవుడి దయవల్ల.

ఇప్పుడు టిక్కెట్టు సంగతి. మావారు నాకు కొనరని కాదు, కొంటారు. కాని కొనేముందు "నీకు కుదురుతుందా?" అని ఒక్క మాట అడుగుతారు. అత్తగారికి మందులు, పిల్లల పరీక్షలు, మర్నాటికి పిండి రుబ్బుకోవటం - అన్నీ తలుచుకుని "మీరు వెళ్ళిరండి" అంటాము. మనమే అంటాము! డబ్బు పోసి కొన్నాక మూడు గంటలూ కదలకుండా కూర్చోవాలి మరి. పందిట్లో అయితే రెండు కీర్తనలు విని, ఇంటికెళ్ళి పాలు దింపి, తని ఆవర్తనం వేళకి తిరిగొచ్చి కూర్చోవచ్చు. మా పక్కింటి వదినగారు పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వింటుంది. వీధి మొగలో ఇస్త్రీ బండి అతని భార్య పని ముగించుకుని వచ్చి, పందిరి గుంజకి ఆనుకుని వింటుంది. వీళ్ళల్లో ఎవరండీ టిక్కెట్టు కొనుక్కుని హాల్లోకి వచ్చేది?

పోనీ, ఊరికే వినేదానికి విలువ లేదన్న మాటైనా నిజమా? ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి కథ చెబుతుంటే పండితులూ విన్నారు, పామరులూ విన్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాలు ఆయనే. పల్లెల్లో జనం మధ్య నిలబడి బుర్రకథ చెప్పిన నాజరుగారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధన చలికాలంలో జరిగేదే అనుకోండి, అదీ కావేరి ఒడ్డున పందిరే. వినటానికి టిక్కెట్టు లేదు. విలువ తగ్గిందా?

ఆ తిరువయ్యూరు కథలోనే మనకో పాఠం ఉంది. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొమ్ము పెట్టి స్వామి సమాధి దగ్గర గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ చేయించింది. అయినా ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు అప్పటి పెద్దలు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్ళని కూడగట్టుకుని వేరే ఆరాధన జరిపించింది. చివరికి 1940లో అందరూ ఒక్కచోట చేరక తప్పలేదు.

కార్యదర్శిగారి మాటలో ఒక పిసరు నిజం లేకపోలేదు. పాడినవాళ్ళకి మనం ఇచ్చేదేమిటి? ఒక శాలువా, రెండు అరటిపళ్ళు, పల్చటి కవరు! వినేవాళ్ళకి ఉచితం కావాలిగాని, పాడేవాళ్ళ గొంతు ఉచితమా? దానికి మందు టిక్కెట్టు కాదు. వీధి పొడుగునా సంఘం వారి మొహాలతో కట్టే ఫ్లెక్సీలు మానేసి, ఆ డబ్బు కవరులో పెట్టండి. ముఖ్య అతిథుల ఉపన్యాసాలు కూడా తగ్గించండి. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధన వచ్చింది. ప్రత్యేకం అనుమతి తెచ్చుకుంటే తప్ప పది కొట్టగానే మైకు కట్టెయ్యాలి. ఎనిమిదింటిదాకా ఉపన్యాసాలైతే ఇక పాటకి మిగిలేది ఎంతసేపు?

ఇంకొక్క మాట. ఈ కచేరీ మనకి ఊరికే రావటం లేదు. పోయిన నవమినాడు గాయని ఆలాపన ఎత్తుకునే సమయానికి నేను పందిరి వెనక మిరియాలు దంచుతున్నాను. బెల్లం తరిగింది వదినగారు, పెసరపప్పు నానబోసింది ఎదురింటి పిన్నిగారు. ముందు వరస కుర్చీల్లో ఉన్నది ఎవరో మీకు తెలుసు. ఆ రోజు నా చెవిన పడింది సగం పాట, మిగతా సగం రోటి చప్పుడు. మన వంతు మనం అలా చెల్లిస్తూనే ఉన్నాం. అందుకని ఈసారి ముందు జంబుఖానా ఆడవాళ్ళది. పానకం మగవాళ్ళు కలుపుతారు. తీపి తగ్గినా తాగుతాం!

ఇదంతా కార్యదర్శిగారికి చెప్పేశాను. ఇన్నేళ్ళూ చందా పుస్తకంలో మావారి పేరే రాస్తున్నారు. ఈసారి నా పేరు రాసుకోండి, కచేరీ పందిట్లో పెడితేనే డబ్బిస్తాను అన్నాను. మావారు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. "కమిటీలో మాట్లాడి చెబుతానమ్మా" అని కార్యదర్శిగారు పుస్తకం మూశారు.

మాట్లాడనివ్వండి. ఆయన మా వీధిలో ఇంకా నలభై ఇళ్ళకి వెళ్ళాలి. ఆయనకంటే ముందు వదినగారూ నేనూ వెళ్ళొచ్చాం.