ప్లాను చూస్తే చాలదు, మీటరూ చూడాలి

బెజవాడ ఎండల గురించి హాస్టల్ మిత్రులకు మేము కొత్తగా చెప్పేదేముంది? రోహిణి కార్తెలో డాబా మీద పడుకుని చదివినవాళ్లం. ఆ ఎండలోనే పడమటి గోడంతా అద్దాలతో ఆఫీసులు లేస్తున్నాయి. ఎండను లోపలికి పిలవడం, తరిమికొట్టడానికి ఏసీలు బిగించడం! పెంకుటింటికి వసారా దించి నీడ చేసుకున్న మా తాతలు బడికి పోకపోయినా ఈ పని చేసేవారు కారు.

దీనికి చట్టం లేదా? ఉంది. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. దాని కింద 2007లో భవనాల కోడ్ (ఈసీబీసీ) తెచ్చారు. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. 2017లో సవరించిన కోడ్ 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ ఉన్న భవనాలకు వర్తించేలా రాశారు. మామూలు పద్ధతిలో కడితే గోడలో అద్దం వాటా 40 శాతం దాటకూడదన్నారు. మంచి నియమాలే, కాదనం.

లోపం ఎక్కడంటే, ఈ కోడ్ భవనాన్ని కాగితం మీదే చూస్తుంది. అనుమతికి ప్లాను పెట్టినప్పుడు, కట్టడం పూర్తయి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు చూస్తుంది. తర్వాత ఏటేటా మీటరు తిరిగిన లెక్కను ఆ ప్లానుతో పోల్చే పని అందులో లేదు. పైగా మేడ కట్టేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకొచ్చిన మరొకరు. మంచి అద్దానికి, కిటికీ మీద సజ్జాకు ఖర్చు పెట్టాలని కట్టేవాడికి ఎందుకుంటుంది? కోడ్ రాకముందే కట్టిన పాత భవనాల సంగతి సరేసరి.

2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్నారు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని లెక్క. కానీ రిమోట్ ఎవరి చేతిలో ఉంది? ఈమధ్య సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు వెళ్లాం. మిట్టమధ్యాహ్నం కర్టెన్లు దించి, ట్యూబులైట్లు వేసి, ఏసీ చలికి శాలువా కప్పుకుని గుమాస్తా గారు కూర్చున్నారు. ఏ ఆఫీసో చెప్పం, మళ్లీ పని పడుతుంది!

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. మిల్లు ఆగితే ఆ రోజు కూలి పోయేది మాలాంటి ఇళ్లల్లోనే. ఇబ్రహీంపట్నంలో మండే బొగ్గులో కొంత ఆ అద్దాల గదులు చల్లబరచడానికే పోతోంది.

మేము అడిగేది కొత్త చట్టం కాదు. చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో లెక్కగట్టి ఆఫీసు భవనాలకు స్టార్లు ఇచ్చే పథకం 2009 నుంచి ఉంది. అయితే అది ఇష్టమైతేనే. దాన్ని తప్పనిసరి చేసి, ఆ అంకెను గుమ్మం దగ్గర రాయించాలి. ఫ్రిజ్జుకు అతికించే స్టార్ల కాగితం మేడకు ఎందుకు పనికిరాదు? చిన్న యజమానులకు భారమంటారేమో. డాబాకు తెల్లసున్నం కొట్టడానికి ఎంతవుతుంది?

ప్రైవేటువాళ్లను తర్వాత అడగవచ్చు. ముందు ప్రభుత్వ కార్యాలయాల్లో, లంచం అడిగితే ఫిర్యాదు చేయమనే బోర్డు పక్కన ఈ అంకె రాయండి. మన సంక్షేమ శాఖ ఆఫీసుతో మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు.