ఆప్షన్ ఎవరిది?

ఉన్నత విద్యలో ఆడపిల్లలు మగపిల్లలతో సమానమయ్యారని సభల్లోనూ సెమినార్లలోనూ తరచుగా వింటున్నాం. లెక్కలూ ఆ మాటే చెబుతున్నాయి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ళ వారిలో స్థూల నమోదు నిష్పత్తి అమ్మాయిలకి 28.5, అబ్బాయిలకి 28.3. ఇక స్త్రీవాదులు అడగడానికి ఏం మిగిలిందని ఒక సహ పరిశోధకుడు నవ్వుతూ అన్నాడు. చాలా మిగిలింది. ఎంతమంది చేరారో ఈ అంకెలు చెబుతాయి. ఎక్కడ చేరాలో, ఏం చదవాలో ఎవరు నిర్ణయించారో చెప్పవు. నమోదు వేరు, ఎంపిక వేరు.

ఏ రచన చదివినా అందులో మాట్లాడుతున్న గొంతు ఎవరిదని అడగడం సాహిత్య పరిశోధన నాకు నేర్పిన పాఠం. ఇంటర్ అయిన ఆడపిల్ల పేరు మీద తయారయ్యే వెబ్ ఆప్షన్ల జాబితాని కూడా అలాగే చదవాలంటాను. కొన్నేళ్ళుగా మా వీధి పిల్లలకి ఆ జాబితాలు నింపడంలో సాయపడుతున్నాను. ఒకే ఇంట్లో అన్నకీ, మరో ఏడాది చెల్లెలికీ నింపాను. అన్న జాబితాలో ఎనభైకి పైగా ఆప్షన్లు. ముందు అతను కోరుకున్న బ్రాంచి, తర్వాత మంచి కాలేజీ, జిల్లా ఏదైనా సరే. చెల్లెలి ర్యాంకు అన్న కన్నా మెరుగైనది. ఆమె జాబితాలో నాలుగే కాలేజీలు, నాలుగూ ఇంటి ముందుకి బస్సు పంపేవి. "ఎక్కడొచ్చినా వెళ్తానక్కా" అంది ఆ పిల్ల. "నువ్వూరుకోమ్మా, పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం కదా" అన్నాడు తండ్రి. గంటసేపు వాదిస్తే నాలుగు ఆరయ్యాయి. పాస్‌వర్డూ, ఓటీపీ వచ్చే ఫోనూ ఆయన జేబులోనే ఉన్నాయి.

కంప్యూటర్‌కి పక్షపాతం లేదంటారు. నిజమే. ర్యాంకూ, రిజర్వేషనూ చూసి, జాబితా వరసలో ముందు ఏది దొరికితే అది ఇస్తుంది. కానీ పెట్టని ఆప్షన్‌ని ఏ కంప్యూటరూ ఇవ్వలేదు. వివక్ష కౌన్సెలింగ్ దాకా రానక్కర్లేదు, నట్టింట్లోనే పని ముగించుకుంటుంది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల కోసం 2016లో మొదలైన 'దోస్త్' ఆధార్‌కి జోడించిన ఫోన్ నంబరు అడుగుతుంది. ఆడపిల్లకి సొంత ఫోన్ ఇవ్వని ఇళ్ళలో ఆ నంబరు ఎవరిదవుతుంది? పారదర్శకత కోసం పెట్టిన తాళం, చెవితో సహా ఇంటి యజమాని చేతికే చేరింది.

మన ప్రవేశ నిబంధనల్లో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు స్త్రీలవి. అర్హులైన స్త్రీలు లేకపోతే అవి అదే కేటగిరీ పురుషులకి వెళ్తాయి. ఈ రెండో వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి. ఆప్షన్ పెట్టనివ్వని అమ్మాయి కూడా ఆ లెక్కలో 'లేని' అమ్మాయే. చట్టం ఇచ్చినదాన్ని ఇల్లు వెనక్కి లాక్కుంటుంది. అమ్మాయిలు ముందుకు రావట్లేదన్న నింద మాత్రం అమ్మాయిలకే.

భద్రత కోసమే కదా అంటారు తల్లిదండ్రులు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. దారిలో వేధింపుల భయంతో అమ్మాయిలు తమకి సీటు రాగల మంచి కాలేజీని వదిలి తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారని ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం చూపించింది. మరి భయం నిజమైనప్పుడు దాని మూల్యం ఎవరు చెల్లించాలి? వేధించేవాడు చెల్లించడు. హాస్టల్ కట్టని కాలేజీ చెల్లించదు. వేళకి బస్సు నడపని ప్రభుత్వం చెల్లించదు. కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల చెల్లిస్తోంది. ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కే దళిత, ఆదివాసీ అమ్మాయికైతే ఈ మూల్యం రెట్టింపు. ఏ కాలేజీ ఎలాంటిదో చెప్పగల మనిషి కూడా ఆమె చుట్టూ ఉండదు.

పైగా భద్రత అన్న మాట వెనక పెళ్ళి అన్న మాట దాక్కుని ఉంటుంది. పిల్ల ఎక్కువ చదివితే అంతకన్నా చదివిన వరుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుందన్న లెక్క. అబ్బాయి చదువు పెట్టుబడి, అమ్మాయి చదువు ఖర్చు. 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో కుటుంబాల ఫీజు భారం దించింది కానీ ఈ లెక్కని తాకలేదు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు తెలంగాణలో 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వచ్చింది. టికెట్‌కి డబ్బులివ్వకుండా బస్సెక్కవచ్చు గానీ, ఏ ఊరి బస్సెక్కాలో నిర్ణయించే హక్కు టికెట్‌తో రాదు.

1924లో మొదలైన కోఠి మహిళా కళాశాల ఈరోజు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం. తన పంటా, తన భూమీ తనవేనని విస్నూరు దొరతో తలపడ్డ స్త్రీ ఆమె. ఆ పేరు బోర్డు మీద రాసుకున్న సమాజం, ఆడపిల్ల తన దరఖాస్తు తను నింపుకుంటానంటే మొండితనం అంటోంది.

మనలో చాలామందిమి కాలేజీల్లో పాఠాలు చెబుతున్నాం, ప్రవేశాల కమిటీల్లో కూర్చుంటున్నాం. విద్యార్థిని స్వయంగా చూసి, సహాయ కేంద్రంలో ఒక మహిళా అధ్యాపకురాలితో ఏకాంతంగా మాట్లాడాకే ఆప్షన్లు ఖరారు కావాలని మనం అడగాలి. ప్రతి కాలేజీ పట్టణంలో ప్రభుత్వ హాస్టల్ అడగాలి. కమిటీలు కదిలేదాకా ఆగకుండా, ప్రవేశాల రోజుల్లో మన ఫోన్లూ, మన ఇళ్ళూ ఆ పిల్లలకి తెరిచి ఉంచాలి. పెట్టగలిగినన్ని ఆప్షన్లు, తను కోరిన వరసలో, తన చేత్తో పెట్టుకున్న అమ్మాయిలెందరో లెక్క తేలాక సమానత్వం గురించి మాట్లాడుకుందాం.