కోతియు, కొండముచ్చును

చేనిలో పడినదెల్ల కోతియే యని మన రైతులు తలంచుట మేము పలుచోట్ల గాంచితిమి. 1758లో లిన్నేయస్ పండితుడు మనుష్యుని, కోతులను క్షీరదములలో నొకే శ్రేణియందు చేర్చెను. ఆ శ్రేణిలో తోకలేని గిబ్బను వేరొక తెగ. తోకగల కోతియు, కొండముచ్చును ఒక్క కుటుంబమువే. అయినను కోతికి బుగ్గసంచులు గలవు. వేరుసెనగకాయలు గబగబ నింపుకొని చెట్టెక్కి తినును. కొండముచ్చునకు అవి లేవు. ఆకులరుగుటకు పలు అరల కడుపున్నది.

కోతిని బెదరించుటకు కొండముచ్చును పట్టి కట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. ఒకడు తరిమిన మంద పొరుగువాని చేనిలో పడును. కావున సంఘసభ్యులెల్లరు పంట చేతికివచ్చు దినములలో వంతులవారిగా కావలి యుండవలెను. త్రోవప్రక్కల కోతులకు పండ్లు వేయుట మానవలెను. ఒంటికావలి చేటు, ఉమ్మడికావలి మేలని మా యభిప్రాయము.