వాషింగ్టను తక్కెడ

ప్రత్యేక న్యాయస్థానములన్నచో మనవారిలో ననేకులకు మోజు మెండు. నిపుణులగు న్యాయమూర్తులు, సత్వర పరిష్కారము, ఏకరూపమగు తీర్పులు అని లాభములు లెక్కించుచుందురు. అట్టివారు అమెరికాలోని ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు చరిత్రను కొంచెము తిరుగవేయుదురుగాక.

1982లో నేర్పడిన యా కోర్టునకు పేటెంటు అప్పీళ్లును, కేంద్రప్రభుత్వోద్యోగుల వ్యాజ్యములలో నధికభాగమును అప్పగింపబడెను. ఒకవైపు పేటెంటుదారుడు, ఒకవైపు గుమాస్తా. ఎవరి నెట్లు తూచిరో చూడుడు.

పై యధికారుల లోపములను బయటపెట్టితినన్న వైమానికశాఖోద్యోగి వ్యాజ్యమున 1999లో నా కోర్టు వారు, అధికారులు ధర్మముగనే నడచుకొనిరని ముందుగా భావింపవలెననియు, కాదనువాడు ఖండింప నలవికాని సాక్ష్యము తేవలెననియు పలికిరి. హంతకుని నురిదీయుటకైనను సంశయరహితమగు సాక్ష్యము చాలునే! కాగితములన్నియు నధికారి బీరువాలో నుండ, గుమాస్తా యెచ్చటినుండి తెచ్చును? ఈ నియమమును త్రోసిపుచ్చుటకు 2012లో శాసనమే చేయవలసివచ్చినది. అట్టి యుద్యోగు లితర అప్పీలు కోర్టులకును పోవచ్చునని తొలుత తాత్కాలికముగను, 2018లో శాశ్వతముగను దారి తెఱచిరి. ఒక న్యాయస్థానమున కింతకంటె నభిశంసనము వేఱొకటి యుండునా?

2013 ఆగష్టులో మఱల నదే పోకడ. రక్షణశాఖలో లెక్కలు వ్రాయువా రొకరు, సైనికుల సరకుల దుకాణపు టుద్యోగి యొకరు. రహస్యపత్రములు చూచు పనియే వారికి లేదు. వారి పదవులు సున్నితమైనవని ముద్రవేసి, వారు తగరని శాఖ నిర్ణయించెను. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు విచారించు నధికారము అప్పీలు బోర్డునకు లేదని కోర్టు తీర్పు. అంగడిలో చలువ కళ్లద్దముల నిల్వను బట్టి సేన యెటు కదలునో యూహింపవచ్చునట! ముగ్గురు న్యాయమూర్తులు మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసిరి.

ఇక రెండవ పళ్లెము. రొమ్ము క్యాన్సరుకు సంబంధించిన జన్యువులను, ప్రకృతి నిర్మితములే యైనను, శరీరమునుండి వేఱుచేసినంతనే పేటెంటు పొందవచ్చునని ఆ కోర్టే 2011లోను 2012లోను పలికెను. 2013 జూనులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా కాదన్నది.

న్యాయమూర్తులు లంచగొండులని మే మనుట లేదు. ఒకే జాతి వ్యాజ్యములు, ఒకే ప్రతివాది. ఆ వాదమే చెవి కింపగును. పొరపాటును బయటపెట్టుటకు సమానస్థాయి కోర్టు వేఱొకటి లేదు.

మనకీ యనుభవము లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునలు తీర్పును రాష్ట్రప్రభుత్వమే, అనగా ప్రతివాదియే, రద్దుచేయవచ్చునని 371-డి అధికరణమున వ్రాసికొనిరి! 1986లో సుప్రీంకోర్టు దానిని కొట్టివైచెను. ట్రిబ్యునళ్లపై హైకోర్టుల విచారణాధికారమును తొలగింపరాదని 1997లో తేల్చిచెప్పెను. ఆలస్యమను నెపమున ఆ గుమ్మమును మూయజూచు బిల్లు ఏ రూపమున వచ్చినను, ఉద్యోగసంఘములవారు మొదటి పఠనమునాడే యెదిరింపవలెను.